సాలు చివరి కేక

మా తోటలో తెలుగు ఇన్నాళ్లు బతకడానికి కారణం భాషాభిమానం అని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల మంచితనం. అసలు కారణం పక్క తోట మోటారు.

తమిళ సీమలో, కంబం దగ్గర, మా అరటితోటకు అటూ ఇటూ తమిళం మాట్లాడేవాళ్ల తోటలు. అందరికీ బావులున్నాయి, అందరికీ మోటార్లున్నాయి, అందరూ నీళ్లు కట్టేది పొద్దున కరెంటు ఉండే ఆ మూడు గంటల్లోనే. ఎదిగిన అరటితోటలో పది అడుగుల అవతల ఉన్న మనిషి కనబడడు. అందుకని పనంతా కేకల మీద నడవాలి. తాత కాలంలో ఒక తోటలో ఎవరైనా "పోదుం!" అని, అంటే చాలు అని, అరిస్తే మూడు తోటల్లో మోటార్లు ఆగిపోయేవట. ఎవరి చాలు ఎవరికి చేరిందో తేల్చుకునేలోపు కరెంటు పోయేదట. విసిగిపోయిన తాత ఒక కట్టుబాటు చేశాడు: మా తోటలో తెలుగులోనే అరవాలి. అప్పటి నుంచి పక్కవాళ్ల మోటారు ప్రశాంతంగా ఉంది.

కొన్ని వందల ఏళ్ల కిందట మా పూర్వీకులు ఈ భాషను ఇక్కడిదాకా మోసుకొచ్చారని పెళ్లిళ్లలో పెద్దలు గొంతు గద్గదం చేసుకుని చెబుతుంటారు. మోసుకొచ్చారు సరే. దానికి ఇక్కడ పని ఇప్పించింది మాత్రం నీళ్లు.

నీళ్లు కట్టేటప్పుడు ఎవరి చోటు వాళ్లది. నాయన బావి దగ్గర, సాళ్ల మొదట్లో, పార పట్టుకుని. అవ్వ, అంటే మా నాయన తల్లి, సాళ్ల చివర. కాలవ నుంచి నీళ్లు సాలు లోపలికి పోయే గండిని మడవ అంటాం. నీళ్లు సాలు పొడుగునా పారి ఆఖరి చెట్టు పాదు నిండగానే అవ్వ "నిండె!" అని కేక వేయాలి. వెంటనే నాయన ఆ మడవను మట్టితో మూసి, పక్క సాలు మడవ తెరవాలి. ఆలస్యమైతే గట్టు తెగి నీళ్లు దారి పట్టుకుపోతాయి.

సాలు పొడుగు, కేక ఒక్క ఊపులో చేరదు. మధ్యలో నన్ను నిలబెట్టేవాళ్లు. అప్పటికి నాకు ఏడేళ్లు. అటు కేక ఇటు, ఇటు కేక అటు అందించడం నా ఉద్యోగం. అవ్వ కేకలో నీళ్ల సంగతి ఒక వంతు ఉంటే, నాయన సంగతి మూడు వంతులు ఉండేది.

"నిండె! మడవ గట్టిగా తొక్కమను మీ నాయన్ని! పోయినతూరి పిల్లి పూడ్చినట్ల పూడ్చె!"

"నాయనా, నిండె! అవ్వ నిన్ను పిల్లి అంటుండాది!"

"ఏ పిల్లి అని అడుగు!"

"అవ్వా, ఏ పిల్లి అంటుండాడు నాయన!"

"పాలు తాగి పండుకునే పిల్లి అని చెప్పు!"

నేను దీనికి కొంచెం ఉప్పూ కారం చేర్చి అందించేదాన్ని. దొరికిపోయినప్పుడు తిట్లు నాకు. పరధ్యానంలో పడి కేక అందించకపోతే ఇంకా పెద్ద తిట్లు. "ఏమే! నిలబడుకోనే నిద్రపోతివా? నోట్లో ఏం పెట్టుకోనుండావు, వడియమా?"

నాకు తెలుగు వచ్చింది అక్కడే. బడిలో తమిళం, ఆ తర్వాత ఇంగ్లీషు. తెలుగుకు పలక లేదు, పుస్తకం లేదు, చదవడం అసలే రాదు. అరటాకుల మధ్య గొంతు చించుకుని నేర్చుకున్న భాష కదా, దాన్ని మెల్లగా కూడా మాట్లాడవచ్చని నాకు చాలాకాలం తెలియదు.

నేను కాలేజీలో ఉండగా తోటలోకి డ్రిప్ వచ్చింది. సాలు సాలుకూ నల్లటి గొట్టాలు పరిచారు. చెట్టు మొదట్లో ఒక్కో చుక్కా పడుతుంది. మోటారు డబ్బాలో సిమ్ కార్డు పెట్టారు. నాయన ఎక్కడున్నా దానికి ఫోను చేస్తే చాలు, లోపలి నుంచి ఒక ఆడగొంతు మోటారు నడుస్తోందని తమిళంలో మర్యాదగా చెబుతుంది. మా బంధువుల్లో ఫోను చేయగానే ఎత్తేది ఆ మోటారు ఒక్కటే. నీళ్లు సగం చాలుతున్నాయి, కలుపు తగ్గింది, నాయన నడుంనొప్పి తగ్గింది, గెలలు బరువెక్కాయి. డ్రిప్‌ను తిట్టడానికి ఒక్క కారణమైనా దొరుకుతుందేమోనని నేను చాలా వెతికాను.

అవ్వకు ఇక తోటలో పని లేదని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు ఎప్పటిలాగే తలకు తువ్వాలు చుట్టుకుని సాలు చివర నిలబడింది. చాలాసేపు నిలబడి ఇంటికి వచ్చేసింది. "నీళ్లు వచ్చె గదమ్మా?" అని నాయన అడిగాడు.

"వచ్చెనంట. నిండెనో లేదో దానికే తెలీదు, నాకేం తెలుస్తాది?"

అప్పటి నుంచి ఆమె గొంతు తగ్గిపోయింది. మూడు గదుల ఇంట్లో అరవడానికి ఏముంటుంది?

చదువయ్యాక నేను తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో చేరాను. చొక్కా భుజం నుంచి భుజానికి ఎంత ఉందో టేపు పెట్టి చూసి, ఒక అర సెంటీమీటరు తేడా వస్తే మొహం సీరియస్‌గా పెట్టడం నా పని. చుట్టూ తమిళం, హిందీ, ఒడియా, వాటన్నిటి మీదా మిషన్ల మోత. తెలుగు ఒక్క ఫోనులోనే, అవ్వతో. అది కూడా "తింటివా?" "తింటి. నువ్వు తింటివా?" "తింటి" దగ్గర ఆగిపోయేది. ఇద్దరం తిన్నాక ఇక మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదు. పెట్టేశాక ఫోను కాసేపు చేతిలోనే ఉండేది.

నా తెలుగు పెరిగితే మా మాటలు పెరుగుతాయని నాకు ఒక ఆలోచన వచ్చింది. చెడ్డ ఆలోచనలు నాకు సాధారణంగా పొద్దున్నే వస్తాయి. ఫోనులో భాష నేర్పే యాప్ వేసుకున్నాను. మొదటి వారంలోనే అది "విమానాశ్రయం ఎక్కడ ఉంది?" అని అడగడం నేర్పింది. ఒక్కో అక్షరం రాగానే తెర మీద కాగితపు పూలు చల్లేది. అక్షరాలు మాత్రం నిజంగానే వచ్చాయి. ఒకరోజు బస్టాండులో ఆంధ్రా లారీ వెనక రాసిన మాట చదివేసి, పక్కనున్న అపరిచితుణ్ని చూసి నవ్వాను. ఆయన సీటు మారాడు.

తర్వాత వారానికి ఒకసారి వీడియో క్లాసు. టీచరమ్మ చాలా ఓపిక మనిషి. "'ఉండాది' కాదమ్మా, 'ఉంది'. 'వచ్చె' కాదు, 'వచ్చింది'." దిద్దమని అడిగింది నేనే, ఆవిడ దిద్దారు. ఏడాదిలో నా తెలుగు ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారైంది. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ చొక్కానే.

పోయిన ఎండాకాలం నాలుగు రోజుల సెలవు మీద ఇంటికి వెళ్లాను. బస్సులో దిండుగల్లు నుంచి మనసులో రిహార్సల్ చేసుకుంటూ, గుమ్మంలో అడుగుపెట్టి అన్నాను: "నమస్కారం నానమ్మా. మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

అవ్వ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. మంచం మీది నుంచి లేచింది. పైట సర్దుకుంది.

"బాగుండామండి. కూచోండి."

ఎగతాళి చేస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. కాఫీ వచ్చింది. అది కూడా బ్యాంకు మేనేజరుకూ పెళ్లిపత్రిక ఇచ్చేవాళ్లకూ మాత్రమే కిందికి దిగే కొత్త స్టీలు గ్లాసులో, సాసరు పెట్టి.

"అమ్మా, నీ మనవరాలే గదమ్మా అది," అన్నాడు నాయన.

"తెలుసురా. మనిషి మనదే. మాట ఎవురిదో."

ఆ రోజంతా నన్ను "మీరు" అనే పిలిచింది. సాయంత్రం నేను పక్కన కూర్చుని బతిమాలాను. "ఎప్పుడూ అన్నట్లు ఏమే అను అవ్వా."

"అట్ల మాట్లాడే ఆమెని ఏమే అని ఎట్ల అనేది? నోరు రాదు."

"సరే. అవ్వా, ఏమి కూర ఉండాది?"

"సుమ్మా ఊరికే వెక్కిరించబాకండి," అంది అవ్వ.

ఆమె చెప్పింది నిజమే. పాత మాట నా నోట్లోంచి ఎవరో వెక్కిరించినట్లే వచ్చింది. లోకంలో నన్ను ఏమే అని తిట్టే హక్కూ తీరికా ఉన్న మనిషి ఒక్కతే ఉంది. ఆమెకు దగ్గర కావాలని ఏడాది కష్టపడి చదువుకుని అతిథిగా పాసయ్యాను.

రెండో రోజు ఇంకో తెలివైన పని చేశాను. ఆ కేకనైనా దాచుకుందామని అవ్వను వసారాలో కూర్చోబెట్టి, ఫోను మూతి దగ్గర పెట్టి, "ఒక్కసారి నిండె అని అరువవ్వా" అన్నాను. ఆసుపత్రిలో పేషెంటు నిద్రపోతుంటే మాట్లాడినట్లు, "నిండె" అంది.

"గట్టిగా."

"నీళ్లే లేకుండా నిండె అని గట్టిగా ఎట్ల అరిచేది? పొద్దున్నే అబద్ధం ఆడమంటారా?"

ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం అవ్వ నాయనతో అంది, చివరి నాలుగు సాళ్లు వాడిపోతున్నాయని. నాయన ఫోను తీసి చూపించాడు. "ఇదో చూడమ్మా, నీళ్లు అంతా కరెక్టుగా పోతుండాది."

"ఫోన్లో పోతుండాది. చెట్టుకి పోలేదు."

మర్నాడు తెల్లవారకముందే నాయన అరటిగెలల లోడుతో మాట్టుతావణి మార్కెట్టుకు వెళ్లిపోయాడు. నేను తోటకు పోయి చూశాను. చివరి నాలుగు సాళ్లలో ఆకులు మడతలు పడి వేలాడుతున్నాయి. మా బావి నీళ్లు ఉప్పు నీళ్లు. గొట్టాల చిల్లులన్నీ తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి. డ్రిప్ మనిషికి ఫోను చేస్తే సోమవారం వచ్చి యాసిడ్ పోసి కడుగుతానన్నాడు. ఆ రోజు శనివారం. సోమవారం దాకా ఆ ఎండకు చెట్లు ఆగేటట్లు లేవు. నాయనకు ఫోను చేశాను.

"పాత కాలవలో విడిచి కడదామంటే అది పూడిపోయి ఉంటాది పాపా."

పూడిపోలేదు. వెళ్లి చూస్తే కాలవ గీసినట్లుగా శుభ్రంగా ఉంది. గట్లు చెక్కి ఉన్నాయి, ఒక్క గడ్డిపరక లేదు. ఇన్నేళ్లూ అవ్వ మేకకు గడ్డి అని చెప్పి రోజూ కొడవలి పట్టుకుని పోయేది ఇందుకని మాకెవరికీ తట్టలేదు. ఆ మేకను అమ్మేసి రెండేళ్లయింది.

నేను ఏమీ అనకముందే అవ్వ తలకు తువ్వాలు చుట్టుకుని సాలు చివరకు వెళ్లిపోయింది. నేను బావి దగ్గర నీళ్లు కాలవకు మళ్లేలా వాల్వు తిప్పి, పార తీసుకుని మొదట్లో నిలబడ్డాను, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని. మోటారు నాయన ఫోనుకు మాత్రమే జవాబు చెబుతుంది కాబట్టి ఆయన మార్కెట్టు నుంచే దాన్ని నడిపించాలి. ఫోనులో వెనక ఎవరో తక్కాళి తక్కాళి అని టమాటాల వేలంపాట పెడుతున్నారు.

నీళ్లు వచ్చాయి. ఎండుటాకులను, ఒక పాత చెప్పును ముందు తోసుకుంటూ మొదటి సాలులోకి దూరాయి. మధ్యలో, నేను ఒకప్పుడు నిలబడే చోట, ఎవరూ లేరు. ఈ గొంతు ఇప్పుడు ఇంత దూరం ఎలా వస్తుంది, నేనే అక్కడికి పరుగెత్తాలేమో అనుకుంటున్నాను.

"నిండే...ఏ!"

ఆకుల గోడ అవతల నుంచి వచ్చింది. కొంచెం బొంగురు, అంతే. నీళ్ల కన్నా వేగంగా సాలు పొడుగునా వచ్చి తగిలింది. నేను మడవ మూయాలి. మూయలేదు. పార చేతిలో ఉంది, మట్టి కాళ్ల దగ్గరే ఉంది, చేయి కదలలేదు.

"ఏమే! నిండె అంటుండా గదా! మడవ మూయవే! గట్టు తెగుతుండాది!"

అప్పుడైనా మూసి ఉండాల్సింది. వరుసగా రెండు రోజులు "మీరు" అనిపించుకున్న మనిషి పరిస్థితి కూడా కొంచెం అర్థం చేసుకోవాలి.

"వినపడలే అవ్వా!" అని అరిచాను. "ఇంకోతూరి చెప్పు!"

"చెవుడా నీకు! తిరుప్పూరు పోయి చెయ్యీ కాలూ పడిపోయెనా? నీళ్లంతా దారి బట్టి పోతుండాదే, గుడ్లు తెరిచి చూడవే! పార ఏమిటికి పట్టుకోనుండావు, ఫోటో తీసేదానికా?"

గట్టు తెగింది. నేను మోకాళ్ల దాకా బురదలోకి దిగి రెండు చేతులా మట్టి ఎత్తి పోస్తున్నాను. ముక్కు కారుతోంది. బురద చల్లదనానికి అలాగే కారుతుంది.

"పాపా," అన్నాడు నాయన ఫోనులో. "ఎవుర్ని తిడుతుండాది?"

"నన్నే."

ఆయన వెనక టమాటాల పాట ఇద్దరు ముగ్గురు పాడుకున్నారు.

"నన్ను పిల్లి అనెనా?"

"ఇంకా లేదు."

"అడుగు."

నేను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాను. "అవ్వా! ఏ పిల్లి అని అడుగుతుండాడు నాయన!"

జవాబు ఆకుల మీదుగా వచ్చింది.

"పని విడిచిపెట్టి మాట్టుతావణి పోయిన పిల్లి అని చెప్పు!"

చెప్పాను. ఈసారి నేను ఉప్పూ కారం చేర్చలేదు, అవసరం లేకపోయింది. నాయన ఫోను పెట్టేయలేదు. రెండో సాలు నిండె. మూడోది నిండె. నాలుగోదానికి అవ్వ గొంతు పూర్తిగా పాడైపోయి కేక సగమే వచ్చింది, నేను సగం సాలు దాకా ఎదురు పోయి అందుకున్నాను.

"నాలుగూ నిండె నాయనా. మోటారు ఆపు."

"ఐదోది కట్టు."

"ఐదోదానికి డ్రిప్ బాగానే ఉండాది."

"తెలుసు పాపా. కట్టు."

ఐదో సాలు మడవ తెరిచాను.