అంచులో తెగిన గీత

మా చేనేత సంఘంలో ఇనుప బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి అధ్యక్షుడి దగ్గర, ఇంకొకటి లెక్కలు చూసే పెద్దాయన దగ్గర. ఇద్దరూ వస్తే గానీ చీర అంచుల నమూనా కాగితాలు బయటికి రావు. గద్వాలలో నమూనా అంటే ప్రాణం. పక్కింటి మగ్గం మీద ఏముందో తొంగి చూడడం కూడా మాకు మర్యాద కాదు.

ఆ బీరువాను ఆనుకునే కంప్యూటర్ ఉండేది. దాని పాస్‌వర్డ్ మాత్రం చీటీ మీద రాసి తెరకే అంటించారు.

నేను అక్కడ కంప్యూటర్ పని చేస్తాను. కొత్తది కొందామని ఎంత మొత్తుకున్నా సంఘం కమిటీవాళ్లు వినలేదు. నాగర్‌కర్నూల్‌లో ఏదో ఆఫీసు మూతపడితే, అక్కడి పాత కంప్యూటర్‌ను ఒక వ్యాపారి అగ్గువకు తెచ్చి ఇచ్చాడు. అందులోని పాత ఫైళ్లన్నీ తుడిచి ఇవ్వలేదు సరికదా, చెడిపోతే తన దుకాణం నుంచే బాగుచేస్తానంటూ మా కంప్యూటర్‌లోకి తనకొక దారి పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"కాకా, ఆయన ఆడ కూసోని మన ఫైళ్లన్ని చూడొచ్చు. ఆ దారి తీపియ్యుండ్రి" అన్నాను అధ్యక్షుడితో.

"జర ఆగు బిడ్డా. ఆయన తెల్సినోడే. రేపు ఖరాబైతే ఎవర్ని పిలుస్తం? ఇంతకూ దాంట్ల ఏముందని దొంగలొస్తరు?"

"నమూనాలున్నయి కాకా."

"అవి బీరువల భద్రంగున్నయి గదా" అని నవ్వాడు. గదిలో ఉన్నవాళ్లూ నవ్వారు.

మా అక్క ఆ సంఘంలోనే నేసేది. కిడ్నీలు పాడయ్యాక డయాలసిస్‌కు వనపర్తి దవాఖానకు బస్సులో తీసుకెళ్లేదాన్ని. బీచుపల్లి దగ్గర వంతెన రాగానే కిటికీకి అతుక్కుపోయేది. ఎండలకు కృష్ణ తగ్గేకొద్దీ రాళ్ల మీద ఒకదాని కింద ఒకటి నీటి చారలు మిగులుతాయి.

"గివి అంచు మీద పడితే ఎట్లుంటదే?" అంది ఒకరోజు.

అప్పటినుంచి ఒక చెయ్యి మిషన్‌కు అప్పగించి, రెండో చేత్తో గ్రాఫ్ కాగితం మీద గీసేది. జన్మంతా ఎవరో గీసినవే నేసింది. "ఇది మాత్రం నాది. నేను గీసిన్నని చెప్పి ఒక్క చీరన్న అమ్మాలె" అనేది. ఒంట్లో సత్తువ లేని మనిషికి ఆ మాట అనేటప్పుడు మొహం వెలిగేది.

ఒకసారి గీస్తుండగా కాగితం జారి, ఒక చార నడుమ తెగింది. అంతలోనే కమిటీవాళ్లు తొందరపెడితే దాన్నే స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టాను. తర్వాత అక్క ఇంట్లో కూర్చుని ఆ గీతను కలిపింది. మళ్లీ స్కాన్ చేస్తానంటే వద్దంది.

"కంప్యూటర్ల తప్పుంటే ఏమైతది? నేసేది కాగితం చూసి గదనే."

ఆ కాగితం చూసి అంచును మగ్గానికి కట్టించాక, కాగితాన్ని బీరువాలో పెట్టించింది. కాళ్లు వాచినా మగ్గమెక్కింది. కొంచెం నేసి, కొంచెం పడుకుని, సగం చీర దాకా వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒకనాడు దవాఖానలో పక్క మంచం ముసలమ్మకు తోడుగా కోడలు వచ్చింది. ఆమె కట్టుకున్నది అచ్చు వేసిన చౌక చీర. దాని అంచు మీద అక్క గీసిన చారలు ఉన్నాయి.

"మంచిగుందా అక్కా? నాగర్‌కర్నూల్‌ల తీసుకున్న. ఇంకా మస్తు రంగులున్నయి" అందా పిల్ల సంబరంగా.

అక్క చెయ్యి చాచి కొంగు అందుకుంది. చార వెంట వేలు నడిపింది. నడుమ ఆగింది. జానెడుకొకసారి అదే తెగిన గీత. నావైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు.

"మంచిగుంది చెల్లె. కట్టుకో" అని కొంగు వదిలేసింది.

తిరుగు బస్సులో బీచుపల్లి వంతెన మీద కళ్లు మూసుకుంది.

మర్నాడు నేను సంఘంలో అరిచిన అరుపులకు మగ్గాలు ఆగాయి. అధ్యక్షుడు ఇంకో తాళంచెవి తెప్పించి మరీ బీరువా తెరిచాడు. "కాగితం ఈడనే ఉంది సూడు" అన్నాడు.

"ఈ కాగితంల గీత కలిసుంది కాకా. తెగింది కంప్యూటర్లనే ఉంది. ఆ చీర మీద తెగిందే ఉంది."

కంప్యూటర్‌లోంచి నమూనా తీసింది ఆ వ్యాపారో, ఇంకెవరో, ఈ రోజుకీ తెలియదు.

అక్క చీర పూర్తి చేసింది. మునుపటిలా మాట్లాడలేదు, ఊరికే నేసింది. అది అమ్ముడు పోకముందే తాను పోయింది. తర్వాత సంఘానికి బుద్ధొచ్చింది. కొత్త కంప్యూటర్ కొన్నారు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకే. పాతదాని డిస్కును అధ్యక్షుడే సుత్తితో పగలగొట్టాడు. కొట్టి, ఆ ముక్కల దగ్గరే కూర్చుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు.

మొన్న కొల్లాపూర్ నుంచి ఒకావిడ మా సంఘం చీరల దుకాణానికి వచ్చింది. అక్క చీర విప్పి చూపించాను. ఆవిడ అంచు పట్టుకుని నవ్వింది.

"గా ప్రింటు చీరను చూసి నేసిండ్రా? గని మీరు జర తప్పు నేసిండ్రు. దాంట్ల గీత నడుమ ఆగుతది. మీ దాంట్ల ఆగలే."

ఎవరు గీశారని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఇంకో చీర చూపించమంది.