గడియ బాబాయ్ తలుపు తీసిన రోజు

గడియ బాబాయ్ ఉద్యోగమేమిటో ఇరుగుపొరుగు వాళ్లకు చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, టిఫిన్ బాక్సు చంకన పెట్టుకుని బయల్దేరతాడు. ఒక గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకుంటాడు. దగ్గరికొస్తే చస్తానని అరుస్తాడు. సాయంత్రానికి బుద్ధిగా ఇంటికొస్తాడు. దీనికి నెలనెలా జీతం, ఇచ్చేది పోలీసులు. పక్కింటావిడ ఇదంతా విని, పెన్షను వచ్చే వయసులో పరాచికాలెందుకని కసురుకుంది.

నిజానికి అందులో పరాచికమేమీ లేదు. ఎవరో ఒకరు కడుపుమండి గదిలో దూరి తలుపేసుకుంటారు. ఒక్కోసారి పెళ్లాన్నో పిల్లల్నో కూడా లోపలే పెట్టుకుంటారు. తలుపు బద్దలు కొడితే ప్రాణాలు పోతాయి. కాబట్టి తలుపు ఇవతల కూర్చుని మాటలతోనే అతణ్ణి బయటికి తీసుకురాగల పోలీసులు కావాలి. అలాంటివాళ్లను తయారుచేసే శిక్షణ కేంద్రం అది. లోపల కూర్చునే మనిషి లేకుండా ఈ విద్య రాదు. ఒకప్పుడు నాటకాలు వేసి, జనం నాటకాలకు రావడం మానేశాక ఖాళీగా ఉన్న బాబాయ్‌ని అందుకే తెచ్చుకున్నారు.

పాఠాలు ఆయనకు కంఠతా వచ్చు. అవతలివాణ్ణి మాట్లాడనివ్వు. వాడి చివరి మాటనే నువ్వూ మెల్లగా అను. వాడి మనసులో ఏముందో దానికి పేరు పెట్టి చెప్పు. ఇవ్వలేనిది ఇస్తానని మాటివ్వకు. చెప్పడానికి నాలుగు ముక్కలే, చేయబోతే చుక్కలు కనబడతాయి. కండలు తిరిగిన పోలీసులు ఆ తలుపు ముందు పీట మీద కూర్చుని గుటకలు మింగేవారు. తలుపు ఎప్పుడు తీయాలో బాబాయ్‌కి ఎవరూ చెప్పరు. ఇతను నా మాట విన్నాడు అనిపిస్తే తీస్తాడు, లేకపోతే లేదు. పరీక్షలో మార్కులన్నీ ఆ గడియలోనే ఉన్నాయి.

మనలో మాట, వాళ్లు బతిమాలుతుంటే ఆయనకు బాగుండేది. ఎవరికి ఉండదు? నువ్వు చెప్పు, నేను వింటాను అని రోజంతా ఎవరో ఒకరు అడుగుతూ ఉంటే!

అందులోనూ ఈ మధ్య ఇంట్లో అలా అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఆయనా తమ్ముడూ ఇద్దరూ పెళ్లి లేకుండానే ఒకే ఇంట్లో ముసలివాళ్లయ్యారు. తమ్ముడు దర్జీ కొట్లో బట్టలు కత్తిరించేవాడు. వర్షాకాలంలో ఒక రాత్రి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. జరగాల్సినవి జరిగాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. బాబాయ్ శిక్షణ కేంద్రానికి జ్వరమని కబురు చేసి, వారం తిరగకుండానే పనిలోకి వచ్చేశాడు.

అబద్ధం ఎందుకంటే, అక్కడొక నియమం ఉంది. ఇంట్లో చావు జరిగిన మనిషి ఏడాది దాటేవరకు ఆ గదిలో అడుగుపెట్టకూడదు. నటనా నిజమూ కలగాపులగమైతే మనిషికే ప్రమాదమని, పెద్ద ట్రైనరైన మేడమ్ పెట్టిన నియమమది. పెట్టినప్పుడు చాలా మంచి పని చేశారని తల ఊపినవాడు బాబాయే. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. ఏడాదిపాటు ఆ ఇంట్లో, పక్కవాళ్ల టీవీ చప్పుడు వింటూ కూర్చోవడమంటే ఆయనకు భయం. చావంటే కూడా అంత భయం లేదు.

ఆ బ్యాచ్ చివరి పరీక్ష రోజు రానే వచ్చింది. మొదట కూర్చున్నవాడు మంచి మాటకారి. పాఠంలో ఉన్నది ఉన్నట్టు, ఎక్కడా తడబడకుండా నడిపించాడు. "మీకంటూ ఎవరూ లేరని అనిపిస్తున్నట్టుంది" అని సరిగ్గా అనాల్సిన చోట అన్నాడు. రాయి గుడ్డిగా విసిరినా దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. బాబాయ్ గడియ తీశాడు. మాటకారి ఎగిరి గంతేసి, స్నేహితుల చేతులు ఊపుతూ క్యాంటీన్‌కి పరుగెత్తాడు. లోపలివైపు తొంగి కూడా చూడలేదు. తలుపు తీయించడంతో వాళ్ల పని అయిపోతుంది. అన్నేళ్లుగా జరుగుతున్నదే అది. ఆ రోజే కొత్తగా జరిగినట్టు బాబాయ్‌కి నొప్పి పుట్టింది.

తరువాత కూర్చున్న అమ్మాయిని బ్యాచ్‌లో నత్త అంటారు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఒక నిద్ర తీయొచ్చని వాళ్ల వేళాకోళం. ఇదివరకే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే తిరిగి స్టేషనుకే, పోయిన ఫోన్ల ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గరికే. ఇంకో అవకాశం లేదు. ఆమె పక్కన చీటీలు అందించే జతగాడు కూర్చున్నాడు. పక్క గదిలో మేడమ్, మిగతావాళ్లు మైకులో వింటున్నారు.

ఆ రోజు వేషం, తమ్ముడు ఇంట్లోంచి గెంటేస్తే గ్యాస్ సిలిండరు పక్కన కూర్చున్న ఒక అన్నగారిది. సిలిండరు ఖాళీది లెండి. బాబాయ్ అరవాల్సినవన్నీ అరిచాడు, తిట్టాల్సినవన్నీ తిట్టాడు. నత్త ఊఁ అంటుంది, ఊరుకుంటుంది. మాటకారులు మధ్యలో అందుకుంటే ఈయన మళ్లీ అందుకోవడం అలవాటు. ఈ పిల్ల అందుకోదే! చూస్తుండగానే ఆయన దగ్గరున్న డైలాగులన్నీ అయిపోయాయి. వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. తలుపుకు వీపు తిప్పి, గోడవైపు తిరిగి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"మా ఇంటికి రెండు తాళంచెవులు. ఇప్పుడు రెండూ నా జేబులోనే ఉన్నాయి."

పక్క గదిలో వింటున్నవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఇవాళ బాబాయ్ ఇరగదీస్తున్నాడన్నారు. జతగాడు గబగబా చీటీ రాసి ఇచ్చాడు: బాధకు పేరు పెట్టు. నత్త చీటీ చదివి పక్కన పెట్టింది. కాసేపు తలుపుకేసి చూసి, లేచి నిలబడి, "ఆట ఆపండి" అంది.

ఆ మాటకు అక్కడ చాలా విలువ. నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే ఎవరైనా అనొచ్చు, అంటే అన్నీ ఆగిపోతాయి. ఊరికే అన్న అభ్యర్థి మాత్రం తప్పినట్టే. అందరూ పరుగెత్తుకొచ్చారు. బాబాయ్ తలుపు తీశాడు. ఎందుకు ఆపావని మేడమ్ అడిగింది.

"నటించేటప్పుడు ఈయన తలుపువైపు తిరిగి మాట్లాడతారు మేడమ్. మాకు వినబడాలి కదా" అంది నత్త, ఎప్పటిలాగే ఆగి ఆగి. "ఇందాక గొంతు అటు తిరిగినట్టు వినబడింది. ఎవరూ వినకూడదన్నట్టు మాట్లాడారు. అది ఆట కాదనిపించింది."

మేడమ్ బాబాయ్ ముఖంలోకి చూసింది. గదినిండా ఉన్నవాళ్లంతా చూశారు. అవునంటే రేపటినుంచి ఆ ఇల్లే గతి. బాబాయ్ నవ్వేశాడు. "నటన మేడమ్. నాటకాలవాణ్ణి కదా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన జీవితంలో అంత గట్టి చప్పట్లు స్టేజీ మీద కూడా పడలేదు.

నత్త తప్పింది. కోపం తెచ్చుకున్నా బాగుండేది, తెచ్చుకోలేదు. దగ్గరికి వచ్చి, పొరపాటు పడ్డాను, ఏమీ అనుకోకండి బాబాయ్ అని చెప్పి, పెట్టె సర్దుకోవడానికి వెళ్లింది.

బాబాయ్ క్యాంటీన్ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లు భుజం తట్టి మెచ్చుకుంటున్నారు. తేలు కుట్టిన దొంగలా టీ గ్లాసులోకి తల వంచుకున్నాడు. గొంతు వెనక ఉన్నది వినడం ఎలాగో ఎన్ని బ్యాచ్‌లకు నేర్పించాడు! విన్నది ఈ పిల్ల ఒక్కతే. విన్నందుకు ఆమె నోటి ముందు కూడు తనే లాగేశాడు. ఇంతకన్నా పాపం ఉంటుందా అనిపించింది. చేతిలో టీ తొరక కట్టింది. అక్కడే వదిలేసి మేడమ్ గదికి నడిచాడు.

"ఆ అమ్మాయి పొరపాటు పడలేదు మేడమ్" అన్నాడు, నిలబడే. "మా తమ్ముడు పోయాడు. ఆ జ్వరం అబద్ధం."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్నాళ్లూ మీరొక్కరే మోస్తున్నట్టున్నారు" అంది మెత్తగా. అది పాఠంలోని మాట. ఆ వాక్యం ఎక్కడ ఆపాలో, ఏ స్థాయిలో పలకాలో కుర్రాళ్లకు దిద్దినవాడు ఆయనే. అన్నీ తెలిసీ ఆయనకు ఏడుపు ఆగలేదు. కుర్చీ అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మేడమ్ మంచిదే, కానీ ముక్కుసూటి మనిషి. నత్త పేరు ఆ బ్యాచ్‌లో మొదటి వరసకు మార్చింది. బాబాయ్‌ని ఏడాదిపాటు రావద్దంది, జీతం సగం ఇప్పిస్తానంది. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి అని కూడా అంది. ఆ ఇంట్లో విశ్రాంతి తప్ప ఇంకేముంది గనక!

గేటు దగ్గర నత్త పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్ నంబరు అడిగి తీసుకుంది. ఆదివారం చూడటానికి వస్తాననీ, కుదరకపోతే ఫోన్ చేసి చెబుతాననీ అంది.

ఆదివారం బాబాయ్ ఇల్లు ఊడ్చాడు. మంచం మీద దుప్పటి మార్చాడు. పొద్దుటినుంచీ వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, చెవులు రిక్కించాడు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. దూకుతానని వంతెన మీదికి ఎవరో ఎక్కారట, తనను పిలిచారట, మొదటి కేసు. అతను ఇప్పుడే దిగాడట. ఆమె గొంతు బొంగురుపోయింది. ఇవాళ రాలేను బాబాయ్ అంది.

"పర్లేదమ్మా, నేను బాగానే ఉన్నాను. నువ్వు పోయి పడుకో" అన్నాడు బాబాయ్.

నత్త ఏమీ అనలేదు, ఫోనూ పెట్టలేదు. అవతల బస్సులు పోతున్న చప్పుడు, ఆమె ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడుతున్నాయి. బాబాయ్ ఇంకోసారి బాగానే ఉన్నానన్నాడు. ఆమె ఇంకా వింటూనే ఉంది. ఆయన మెల్లగా బల్ల అంచున కూర్చున్నాడు.

"మా తమ్ముడికి కుడిచెవి వినబడదమ్మా" అన్నాడు చివరికి. "అందుకని ఈ బల్ల మీద నేనెప్పుడూ వాడికి ఎడమవైపే కూర్చునేవాణ్ణి. ఇప్పుడు బల్లంతా ఖాళీయే. అయినా అక్కడే కూర్చుంటున్నాను."