అవతలి జట్టులో నిలబడ్డ మల్లేశం

ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కబడ్డీ ఆడి బతికినవాణ్ణి. ఆట మానేశాక సిద్దిపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని, నాలాగే ఆటను నమ్ముకుని దెబ్బలతో ఇల్లు చేరినవాళ్లకు తోడుగా ఉంటున్నాను. దవాఖానకు తీసుకెళతాను, పని వెతికిపెడతాను. ఇంకా ఆడుతున్నవాళ్లకు మొదట చెప్పేది ఒక్కటే, తలకు దెబ్బ తగిలితే దాచొద్దని. అది చెప్పిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మల్లేశం మా జట్టులో కూతకు వెళ్లేవాడు. చేర్యాలవాడు, నాకన్నా చిన్న. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండేవాడు. ఆ రోజు సిద్దిపేటలోనే ఫైనల్. పెద్ద లీగుకు ఆటగాళ్లను ఏరుకునేవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. నేను కెప్టెన్ని. కూతకు వెళ్లిన మల్లేశం తల అవతలివాడి మోకాలికి గట్టిగా తగిలింది. ఔటై బయట కూర్చున్నాడు. మాకు పాయింటు రాగానే మళ్లీ లోపలికి వచ్చి, తిన్నగా వెళ్లి అవతలి జట్టు మధ్యలో నిలబడ్డాడు. జనం పడీ పడీ నవ్వారు.

భుజం పట్టుకుని ఇవతలికి తెచ్చాను. అప్పుడు నా చెవిలో అడిగాడు.

"అన్నా, మనం ఏ ఊర్ల ఉన్నం?"

వేళాకోళం కాదని నాకు అర్థమైంది. ఇంతలో కోచ్ బయటి నుంచి అడిగారు.

"వానికేమైందిరా? తీసెయ్యాల్నా?"

"ఏం గాలే సార్. మస్కిర్లు చేస్తుండు," అన్నాను.

వేళాకోళమేనని అందరూ నమ్మారు. వాడు అలాంటివాడే కదా. మళ్లీ కూతకు పంపాను. గెలిచాం. ఇద్దరినీ లీగులోకి తీసుకున్నారు. వాడి మంచికే చేశానా? తీసేస్తే వాడి అవకాశం కూడా పోయేదని ఏళ్ల తరబడి నాకు నేను నచ్చజెప్పుకున్నాను, అందులో కొంత నిజం ఉండబట్టే ఇన్నాళ్లూ దాని చాటున దాక్కోగలిగాను. ఆ క్షణంలో నేను చూసింది ముందు వరసను.

లీగులో వాడు మరికొన్ని దెబ్బలు తిన్నాడు. రెండో సీజన్‌కే ఆట ఆగిపోయింది. ఇప్పుడు వాడికి వెలుతురు పడదు. తలనొప్పి వస్తే గోడకు ఆనుకుని కూర్చుండిపోతాడు. భార్య లక్ష్మి బస్సులో మా ఆఫీసుకు వెంటబెట్టుకొస్తుంది. "నువ్వు లేకుంటే మేమేమైపోదుమో అన్నా," అంటుంది. తలకు మొదటి దెబ్బ ఎప్పుడు తగిలిందని డాక్టరు అడిగితే మల్లేశం నా వైపు చూశాడు. తెలియదన్నాను. నిజం చెబితే వాళ్లు మళ్లీ నా గడప తొక్కరు, మరి వాణ్ణి ఎవరు చూస్తారు? ఇదీ సాకేనా? సాకే.

ఇంకొకటుంది. ఆ రోజు సంగతి వాడికి ఏమీ గుర్తులేదు. వచ్చినప్పుడల్లా అడుగుతాడు.

"అన్నా, నేను అటు దిక్కు పోయి నిలబడ్డ ముచ్చట చెప్పే."

చెబుతాను. చెవిలో అడిగిన మాట వదిలేస్తాను. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతాడు. ఆ రోజు గురించి వాడికి తెలిసిందల్లా నేను చెప్పిందే.

మంగళవారం మళ్లీ వస్తారు. మళ్లీ అడుగుతాడు. నేనేం చెబుతానో నాకు తెలుసు, నిజం చెప్పేంత ధైర్యం లేదు. మీకు చెప్పాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆ ముచ్చట ఎవరినీ నవ్వించకుండా చెప్పడం ఇదే మొదటిసారి.