అది మన విజిల్ కాదు, కుచ్చోండి

నిన్న పొద్దున ఎమ్మిగనూరు బస్టాండ్ ముందర రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఆదోని నుంచి వదినను కర్నూలు తీసుకెళ్తున్న అంబులెన్స్ అటే రావాలి. అన్నకు తోడుగా నేనూ ఎక్కాలి.

చేతిలో ఒక ఫ్లాస్కు, ఒక దుప్పటి.

ఫోన్ మోగింది. అన్న.

"నువ్వు ఆదోనికే వచ్చేయ్‌మ్మా. మేము ఎనక్కి తిరిగినాము."

ఎందుకని అడగలేదు. రోడ్డు దాటి ఆదోని బస్సెక్కేశాను.

మా సునంద వదిన ఇక లేదు.

మొన్న సాయంత్రం వరకూ బాగానే ఉంది. తెల్లవారి తలనొప్పి అంటూ లేచిందట. అంతే. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మన చుట్టాల వాట్సాప్ గ్రూప్‌లో చాలామందికి వదిన అంటే "పిల్లల్ని స్కూల్ మాన్పించిన ఆవిడ" అనే తెలుసు. ఫంక్షన్లలో ఆ మాట ఎంతమంది అన్నారో నాకు తెలుసు. పేర్లు చెప్పనులెండి.

అసలు సంగతి ఇది. పెద్దది మేఘనకు చిన్నప్పుడు స్కూల్ వ్యాన్ హారన్ వినపడితే చాలు, తిన్నదంతా వాంతి అయ్యేది. డాక్టర్లను మార్చారు, స్కూళ్లు మార్చారు, తాయెత్తులు కట్టారు. ఒకరోజు వదిన గేటు దాకా వెళ్లి, "రేపటి నుంచి మా ఇంటికి రావద్దప్పా" అని డ్రైవర్‌కు చెప్పి వచ్చేసింది.

అంతే, ఇల్లే బడి అయిపోయింది. తర్వాత కార్తీక్, ఆ తర్వాత చిన్నది పండు, అందరికీ అదే బడి. వదినది కర్ణాటక సరిహద్దు పక్కనున్న హొళగుంద. పుట్టింట్లో కన్నడం. అందుకే మా పిల్లలకు ఎక్కాలు రెండు భాషల్లోనూ వచ్చు. ఒకదాంట్లో మరిచిపోతే ఇంకోదాంట్లోకి దూకుతారు!

మరి ఆ బడికి గంట ఏది?

కుక్కర్.

నిజంగానే. వంట చేస్తూనే చదువు చెప్పాలి కదా, గడియారం చూసే తీరిక ఎక్కడిది? పప్పు పెడుతుంది, మొదటి విజిల్ కూయగానే తెలుగు వాచకం తీయాలి. విజిళ్లు అయిపోతే తెలుగు అయిపోయినట్టు. అన్నం పెడితే సైన్స్. శనగలు ఉడికే రోజు మాత్రం లెక్కల పీరియడ్ ఎంతకీ తెమలదు. కార్తీక్‌కు ఈరోజుకీ శనగలంటే పడదు.

వాడు ఒకసారి ఏం చేశాడంటే, నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లి మంట పూర్తిగా పెంచి వచ్చాడు. విజిల్ మీద విజిల్. అయ్యగారు పుస్తకం మూసేసి దర్జాగా లేచాడు. ఇల్లంతా మాడు వాసన.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వదిన కొడుతుందేమో అనుకున్నా. కుక్కర్ తెచ్చి వాడి ముందు పెట్టింది.

"లెక్కలు తప్పిచ్చుకుంటివి, సరే. ఈ మాడు ఎవురు తోముతారు నాయనా?"

వాడు తోముతుంటే వెనకాల నిలబడి పదమూడో ఎక్కం అడిగింది. నేను నవ్వలేక చచ్చాను.

ఇంకో చిక్కు కూడా ఉండేది. పక్కింటి షాహీనక్క వంటిల్లు గోడకు అవతలే. ఆవిడ కుక్కర్ కూసినా ముగ్గురూ పుస్తకాలు మూసేసేవాళ్లు. వంటింట్లోంచి వదిన కేక వినిపించేది.

"అది మన విజిల్ కాదు, కుచ్చోండి!"

వాళ్లింటికి వెళ్లిన ప్రతిసారీ ఈ మాట విన్నాను. ఫోన్ చేసినా మాటల మధ్యలో ఇదే. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ అటు తిరిగి అరిచేది.

నిన్న సాయంత్రం వదినను సాగనంపి వచ్చాం.

ఈరోజు పొద్దున హాల్లో పెద్దవాళ్లంతా కూర్చున్నారు. చర్చ పిల్లల గురించే. మా పెద్దనాయన అన్నాడు, "తల్లి ల్యాక ఇంట్లో సదువెట్లప్పా? హాస్టల్లో ఏసేద్దాము. నీకూ అంగడి సూసుకునేకి తీరిక దొరుకుతాది."

మంచికే అన్నాడు. అన్న తల దించుకుని "సరే" అన్నట్టు ఊపాడు.

మేఘన గోడకు ఆనుకుని వింటోంది. ఈ ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాలి. ఆ పిల్ల మొహం చూస్తే నాకు ఆ వ్యాన్ హారన్ రోజులే గుర్తొచ్చాయి.

మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మాకోసం షాహీనక్కే వండుతోంది.

గోడ అవతల కుక్కర్ కూసింది.

పండు గబుక్కున లేచింది. షెల్ఫ్ దగ్గరికి వెళ్లి తెలుగు వాచకం తీసుకుని హాలు మధ్యలో నిలబడింది. వంటింటి వైపు చూసింది.

ఆ కేక కోసం చూస్తోంది.

కార్తీకే అన్నాడు, ఏడుస్తూ. "అది మన విజిల్ కాదే, పండూ."

మేఘన లేచి వచ్చింది. చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"మనదేరా. ఆంటీ మనకోసరమే వండుతాంది. కుచ్చోండి."

అచ్చం వాళ్లమ్మ గొంతు.

ముగ్గురూ కూర్చున్నారు. పండు వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పెద్దనాయన కండువాతో మొహం కప్పుకున్నాడు. అన్న తల ఎత్తాడు.

"పిల్లోళ్లు యాడికీ పోరు పెద్దనాయనా. అంగడి పొద్దెక్కినాక తెరుస్తా. లెక్కలు నేను చెప్పుకుంటా."

వారానికి రెండు రోజులు నేను వస్తానని చెప్పాను. నాకు వంట అంత బాగా రాదు. శనగలు మాత్రం ఉడకబెట్టగలను.

వదినా, ఇన్నేళ్లూ అందర్నీ కుచ్చోమన్నావు. నువ్వు కూర్చుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ పీరియడ్ నడుస్తోంది. ఇక నువ్వు ప్రశాంతంగా కూర్చో.