సాయన్న కట్టిన చాయ్ దరువు

ఇవాళ పొద్దున మా వీధిలోకి సబ్బుల వ్యాను వచ్చింది. పైన మైకు, లోపల టేపు. ఒకే ఆడగొంతు ఒకే మాటను చెవులు చిల్లులు పడేలా పదిసార్లు అరిచింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నేనొక్కణ్ణే వాకిట్లోకి పోయి నిలబడ్డాను. నలభై ఏళ్లు ప్రకటనలు రాసి బతికినవాణ్ణి, అలాంటి అరుపు వినబడితే నా కాళ్లు ఇంట్లో నిలవవు. "ఎండల ఏం పని మీకు?" అని మా ఆవిడ కసిరింది. ఈ కాలం కుర్రాళ్లు బ్రాండు అంటారు, ఇమేజి అంటారు, జనం నాడి అంటూ గోడనిండా గీతలు గీసి చూపిస్తారు. చూసి తల ఊపుతాను. పెద్దవాణ్ణి కదా, ఊపాలి. నాకు ఆ విద్య నేర్పినవాడు మాత్రం కోస్గి దగ్గరి ఒక పల్లెలో డప్పు కొట్టే సాయన్న.

అప్పటికింకా నిజాం పాలన, అవతల పెద్ద యుద్ధం నడుస్తోంది. నాకు ఇరవై రెండేళ్లు. చాయ్‌పత్తి కంపెనీలో కొత్త నౌకరి, కొత్త ఖాకీ ప్యాంటు, ఆ రెండిటినీ మించిన పొగరు. ఎడ్లబండి మీద ఇత్తడి డేగిసా పెట్టుకుని ఊరూరా తిరిగి, చాయ్ అంటే ఏమిటో తెలియని జనానికి ఊరికే పోసి అలవాటు చేయడం నా పని. ఆ ఊళ్లో చాటింపుకు సాయన్నను పిలిచాను. యాభై ఏళ్ల మనిషి, బక్కపలచని ఒళ్లు, కళ్లలో ఎప్పుడూ ఒక కొంటె నవ్వు.

"ఊరంత వినబడాలె, గట్టిగ కొట్టు" అన్నాను.

"గట్టిగనే కొడ్త సారూ. గని ఎవ్వరు రారు."

నవ్వేశాను. అతను కొట్టాడు. అంతే, ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు, మగవాళ్లు గోడలు దూకి ఊరవతలి మెట్టచెలకల్లోకి పరుగెత్తారు. కాసేపటికి వీధిలో మిగిలింది నేనూ, డేగిసా, రెండు కుక్కలూ. నా మొహం చూసి సాయన్నకు జాలేసినట్టుంది.

"గీ డప్పు మోగిందంటె వెట్టికి పిలుపు, లేకుంటె లెవీ గింజలకొచ్చిన్రని లెక్క. నా డప్పు మంచిమాట ఎన్నడు చెప్పింది సారూ?"

మర్నాడు తనే వచ్చి ముందు చాయ్ పొయ్యమన్నాడు. తాను తాగనిది చాటనన్నాడు. కంపెనీ గ్లాసు ఇస్తే పుచ్చుకోలేదు, తన ముంత చాపాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "కషాయం లెక్కున్నది, బెల్లమెయ్యి" అన్నాడు. మూడో ముంతకు గానీ ఒప్పుకోలేదు. అప్పుడు ఆ పొయ్యి మంటకే డప్పు కాచుకుని, ఎవరూ వినని కొత్త దరువొకటి కట్టాడు. మూడు చిన్న దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ రెండు. వింటుంటే నా మడమలే కదిలాయి. మొదట బయటికి వచ్చింది గొర్రెలు కాచే ఈరమ్మవ్వ.

"ఏందిరా సాయిగా, ఎవని పెండ్లి?"

"పెండ్లి గాదవ్వా, చాయ్. ఊకెనే పోస్తుండు. తాగి తిట్టు."

"తిట్టుమంటవేందయ్యా!" అని గుసగుసగా మందలించాను. "తిట్టనియ్యి సారూ. తిట్టినోళ్లే మళ్ల వస్తరు" అన్నాడు. అవ్వ తాగింది, నోరారా తిట్టింది, మరుసటి వారం ముగ్గురు కోడళ్లను వెంటేసుకుని వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి ఆ దరువు వినబడితే చాలు, ఊరు ముంతలతో సహా బయటికి వచ్చేది. నేనేదో ఘనకార్యం చేసినట్టు కంపెనీకి ఉత్తరాలు రాసుకున్నాను. వాటిలో సాయన్న పేరు లేదు.

ఇదంతా ఊరి పటేలు చూస్తూనే ఉన్నాడు. ఒకనాడు మా ఇద్దరినీ చావడికి పిలిపించాడు. సర్కారు తరఫున బలవంతంగా ధాన్యం వసూలు చేసే లెవీ అమీను వచ్చేముందు డప్పు కొట్టించడం అక్కడి రివాజు. అది వినగానే జనం విత్తనాల జొన్నలు కూడా మూటగట్టి చెలకల్లో దాచేవాళ్లు.

"ఎల్లుండి అమీన్‌సాబ్ వస్తుండు. సాయిగా, ఈసారి గా చాయ్ దరువు కొట్టు. జనమంత బండికాడ జమైతరు, మేము ఇండ్లు సోదా చేసుకుంటం. కొట్టకుంటె సారు బండి ఈ ఊర్లకు రాదు" అన్నాడు.

బయటికి వచ్చాక నేనన్న మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

"ఒక్కసారే గద సాయన్నా, జర కొట్టరాదూ. నా నౌకరి పోతది."

అతను కోపగించుకోలేదు. "నీ నౌకరి పోతె ఇంకోటి దొరుకుతది సారూ. విత్తనం పోతె వాళ్లేం ఎయ్యాలె? గీ దరువు ఒక్కపారి అబద్ధమాడినంక ఎవడు నమ్ముతడు?" అని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను బండి పక్కన నిలబడి ఉన్నాను. అమీను గుర్రం దిగాడు. సాయన్న డప్పెత్తి పాత దరువే కొట్టాడు, చివరి చెలక దాకా వినబడేలా. ఇళ్లు సోదా చేస్తే ఖాళీ గాదెలు దొరికాయి. పటేలు అందరి ముందూ సాయన్న డప్పును కత్తితో చీల్చేశాడు. డప్పు కొట్టే పనికని అతనికిచ్చిన కాస్త చెలకనూ లాగేసుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

నా నౌకరి పోలేదు. కంపెనీ నన్ను రాయచూరు వైపు మార్చిందంతే. వెళ్లేముందు బండి లేకుండా ఒక్కణ్ణే సాయన్నను చూడటానికి పోయాను. దారిలోనే ఈరమ్మవ్వ నన్ను పట్టుకుని, తన ఇంట్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టి, జొన్నరొట్టె చేతిలో పెట్టి తల నిమిరింది. నా వెనకే సాయన్న వచ్చి నిలబడ్డాడు.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా! చాయ్ దరువు కొట్టొద్దని నువ్వే చెప్పినవట గద. నా నౌకరి పోయినా మంచిదేనన్నవట. సాయిగాడు ఊరంత చెప్పిండు."

రొట్టె పక్కన పెట్టేశాను. సాయన్న వంక చూశాను. అతను ఎటో చూస్తున్నాడు. బయటికి వచ్చాక, "గట్లెందుకు చెప్పినవ్?" అని అడిగాను.

"ఇయ్యాల అనకున్నా రేపంటవ్ తియ్యి" అన్నాడు.

వెనక్కి పోయి అవ్వకు నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, బస్సెక్కాను. తరువాత నలభై ఏళ్లలో ఎందరో యజమానులు నన్ను ప్రకటనల్లో అలాంటి అబద్ధపు దరువే కొట్టమన్నారు. కొన్నిసార్లు కాగితం చింపి లేచి వచ్చాను. కొన్నిసార్లు పిల్లల ఫీజులు గుర్తొచ్చి రాసిచ్చాను. డప్పుతో అబద్ధమాడని ఆ మనిషి నోటితో ఆడింది, నాకు తెలిసి, ఒక్కటే అబద్ధం, అదీ నా గురించి. దాన్ని నిజం చేసే పని నాకింకా పూర్తి కాలేదు.