పన్నెండు కిలోల మొండితనం

ఆ కాగితంలో రాసింది అబద్ధమైతే మిషనత్తకు అంత కోపం వచ్చేది కాదు. నిజం కాబట్టే వచ్చింది.

ఆసుపత్రి కింది అంతస్తులో బట్టలుతికే హాలు ఉంది. అందులో మూలనున్న పెద్ద మిషను ఇరవై ఆరేళ్లుగా ఆవిడదే. లోపల దుప్పట్లన్నీ ఒక పక్కకి చేరితే, ఎర్రదీపం వెలగకముందే చప్పుడు విని చెప్పేస్తుంది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆవిడకంటే నాలుగేళ్లు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా మిషనత్తా అనే పిలుస్తాడు.

మిషనులోంచి తీసిన తడి దుప్పట్ల మూట పదిహేను కిలోలు తూగుతుంది. దాన్ని నేలమీంచి ఎత్తి, రొమ్ముల ఎత్తున ఉన్న డ్రైయరు నోట్లో పెట్టాలి. ఒకరోజు ఆ మూట సగం ఎత్తులో చేయి జారింది. నడుము పట్టేసింది. ఇద్దరు అమ్మాయిలు వచ్చి మూటనీ, ఆవిడనీ లేపారు. మూటని లేపినందుకు కాదు గానీ, తనని లేపినందుకు ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే సూపర్‌వైజరు కాగితం పట్టుకొచ్చాడు. బరువులు ఎత్తలేకపోతున్నందున నా ఇష్టప్రకారమే మడత బల్లకు మారుతున్నాను, అని అందులో ఉంది. కింద సంతకానికి గీత గీసి ఉంది. ఆయన మంచివాడు, వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి పని చూసుకునేది.

"కూర్చుని బట్టలు మడతపెట్టే పనమ్మా. ఫ్యాను కింద. మీ మంచికే చెప్తున్నాను."

"మడత బల్ల దగ్గర కూర్చోబెట్టిన ముసలోళ్లలో ఏడాది తిరిగేసరికి ఉద్యోగంలో ఎవరు మిగిలారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరూ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.

"మూడు నెలలు ఆగండి," అంది మిషనత్త. "అప్పటికీ ఎత్తలేకపోతే మీరు అడగక్కర్లేదు. నేనే వచ్చి సంతకం పెడతా."

అన్నదే గానీ, ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆవిడకు భయంగానే ఉంది. ఆ మిషను దగ్గర తను ఎవరో ఆవిడకు తెలుసు. అక్కణ్ణుంచి కదిపితే తను ఎవరో తెలియదు. ఈ మాట కూతురితో కూడా అనలేదు.

ఇక్కడ అల్లుడి గురించి ఒక్క మాట చెప్పాలి. ఏడాది కిందట అతనికి కండలు పెంచాలనే ఉత్సాహం పుట్టి, కెటిల్‌బెల్ అని ఒకటి కొనుక్కొచ్చాడు. పైన పిడి ఉన్న ఇనుప గుండు, పన్నెండు కిలోలు. ఆరంభశూరత్వం నాలుగు రోజుల్లో తీరింది. అప్పట్నుంచీ వరండా తలుపు గాలికి కొట్టుకోకుండా ఆ గుండు అడ్డంగా ఉంటోంది. ఆ పని మాత్రం సెలవు లేకుండా చేస్తోంది.

ఆ సాయంత్రం మిషనత్త చెప్పులు విప్పి, దాని ముందు నిలబడింది. కాళ్లు నిట్టనిలువుగా పెట్టి, నడుము వంచి, చేతులతో ఒక్క గుంజు గుంజింది. గుండు లేచింది. నడుము మాత్రం లేవలేదు. రెండు రోజులు వేడినీళ్ల సంచీతో మంచమెక్కాల్సి వచ్చింది.

"అత్తయ్యా, అది మగాళ్లకే లొంగలేదు," అన్నాడు అల్లుడు, కాఫీ అందిస్తూ.

"మగాళ్లంటే ఎవరు బాబూ, నువ్వేనా?"

కూతురు తల పట్టుకుంది. "ఊరుకో అమ్మా. నీకు యాభై మూడు. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లంటావు, నాలుగోది మా కళ్లముందే కనపడుతుంటే."

మూడో రోజు ఆవిడ ఆసుపత్రి పై అంతస్తుకి వెళ్లింది. అక్కడ నడుములూ మోకాళ్లూ చక్కదిద్దే ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఉంది. అందరూ కసరత్తు డాక్టరమ్మ అంటారు. ఆ పిల్ల గుండు సంగతంతా విని, మిషనత్తని పడుకోబెట్టి, కాళ్లు ఎత్తించి, నొక్కి చూసి, నరం జోలికి పోలేదు, కండరం పట్టిందంతే అని తేల్చింది.

"నొప్పి తగ్గేదాకా గుండు ముట్టుకోవద్దు. ముందు వంగడం నేర్చుకోవాలి."

"ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నదదే కదమ్మా, వంగడం."

"తప్పుగా వంగుతున్నారు. గోడకి వీపు చూపించి అడుగు దూరంలో నిలబడండి. వీపు వంచొద్దు, కూర్చోవద్దు. మోకాలు కొంచెం సడలించి, తుంటిని వెనక్కి పంపి గోడకి తాకించండి."

మిషనత్త ఒక్కసారికే తాకించింది. రెండోసారీ, మూడోసారీ అంతే. డాక్టరమ్మ నమ్మలేక పక్కనుంచి చూసింది. కర్ర పెట్టి గీసినట్టు ఉంది వీపు.

"ఇది మనుషులకి చెప్పడానికి నాకు వారం పడుతుంది. మీకెలా వచ్చింది?"

"డ్రైయరు తలుపు ఎలా మూస్తామనుకున్నావు? రెండు చేతుల్లోనూ బట్టలుంటే వెనక్కి తోసి మూసేది దీంతోనేగా," అని మిషనత్త తుంటి మీద చరుచుకుంది. "నాకు తలుపు మూయడం వచ్చు తల్లీ. దాంతోనే మూట ఎత్తాలని ఎవరూ చెప్పలేదు."

తలుపు మూస్తున్నట్టు వెనక్కి, తలుపు తోస్తున్నట్టు ముందుకి. నొప్పి తగ్గాక, మొదటి నెల అంతా గుండును నేలమీంచి లేపి, నిలబడి, మళ్లీ దించడమే. వారానికి మూడు రోజులు, ఐదేసిసార్లు, మధ్యలో ఊపిరి తీసుకునేంత విరామం. డాక్టరమ్మ ఇంకోటి చేర్చమనేదాకా ఇంకోటి చేర్చలేదు. మొండిదే గానీ మూర్ఖురాలు కాదు.

రెండో నెలలో ఊపడం మొదలైంది. గుండును కాళ్ల మధ్యకు వెనక్కి పోనిచ్చి, తుంటిని ముందుకు కొడితే, చేతులు తాడులా ఉన్నా అది తనంతట తానే రొమ్ముల ఎత్తుకి తేలాలి. మొదట్లో చేతులతో ఎత్తబోయి భుజాలు పీక్కుపోయాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకరోజు ఏడుపొచ్చింది, ఏడ్చింది, ముక్కు చీదుకుని మళ్లీ పట్టుకుంది. ఈలోపు అడ్డు లేక వరండా తలుపు ఢామ్మని కొట్టుకునేది.

"అత్తయ్యా, తలుపు."

"ఇటుక పెట్టుకో నాయనా. దానికి వేరే ఉద్యోగం దొరికింది."

ఆ మధ్యలో మిషను దగ్గర మూటల్ని అమ్మాయిలే ఎత్తారు. ఆవిడ పళ్లు బిగబట్టుకుని ఆ సాయం తీసుకుంది.

మూడు నెలలు నిండిన ఉదయం సూపర్‌వైజరు మడతల దగ్గర కాస్త నలిగిన అదే కాగితంతో వచ్చాడు. పది మూటలు వరసగా నేల మీద ఉన్నాయి. అమ్మాయిలు పని ఆపారు.

మొదటిది తేలిగ్గా లేచింది. ఐదోదానికి చెమట పట్టింది. ఎనిమిదోదాని దగ్గర తొడలు వణికాయి. ఆగి, నాలుగు ఊపిర్లు తీసుకుంది. సహాయానికి వచ్చిన అమ్మాయిని కళ్లతోనే ఆపేసింది. తొమ్మిది. పది. వీపు వంగలేదు.

సూపర్‌వైజరు కాగితం మడత విప్పాడు. తర్వాత నెమ్మదిగా, "ఎత్తగలరని ఒప్పుకుంటానమ్మా. కానీ ఎన్నాళ్లు? ఇది పైవాళ్లకి పంపాలి. సంతకం పెట్టేస్తే మీకే సుఖం," అన్నాడు.

మిషనత్త చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. బరువులు ఎత్తలేకపోతున్నందున, అన్న చోటిదాకా పైకి చదివింది. మూడు నెలల కిందట ఇదే మాట నిజం.

"ఇది అబద్ధం సార్," అంది. "అబద్ధం కింద నేను సంతకం పెట్టను."

కాగితం ఆయన చేతిలో పెట్టి, పక్కన మిగిలిన దుప్పట్లు రెండు చేతులా ఎత్తుకుని, డ్రైయరు తలుపుని తుంటితో వెనక్కి ఒక్క తోపు తోసింది.