పేజీ తిప్పని మామయ్య

పరిశుద్ధ గ్రంథం కొత్త నిబంధనలో ఒక వాక్యం చదివితే, అది చేసేదాకా మా మామయ్య పేజీ తిప్పడు. ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే చదువుతున్నాడు. ఇంతవరకూ నలభై పేజీలు దాటలేదు.

ఆయన లిఫ్టు మెకానిక్. "మాన్యువల్లో బోల్టు బిగించమని ఉంటే, బిగించకుండా తర్వాతి పేజీకి పోతామా?" అంటాడు. ఆదివారం పాస్టరుగారు మూడు అధ్యాయాలు ఏకబిగిన చదివితే మామయ్యకి చెమటలు పడతాయి. "ఇంత పని ఈ వారంలో ఎలా అవుతుందండీ?"

రెండు అంగీలున్నవాడు ఒకటి ఇచ్చెయ్యాలన్న చోటికి వచ్చినప్పుడు బీరువా ఖాళీ అయింది. మూడు వారాలు పెళ్లిళ్లకి కూడా కంపెనీ యూనిఫాంలోనే తిరిగాడు. "తర్వాతి పేజీల్లో చీరల సంగతేమైనా ఉంటే ముందే చెప్పండి, దాచుకుంటాను," అంది అత్తయ్య.

అడిగినవాళ్ల నుంచి ముఖం తిప్పుకోకూడదన్న పేజీ తర్వాత, బీమా పాలసీలు అమ్మేవాళ్ల ఫోన్లు పెట్టెయ్యడం మానేశాడు. ఒకమ్మాయి చెప్పిందంతా గంటా పది నిమిషాలు విని, "గొంతు బొంగురుపోయింది, కాసిని నీళ్లు తాగమ్మా," అన్నాడు. చివరికి ఆ అమ్మాయే పెట్టేసింది.

అలాంటి మనిషి శత్రువుని ప్రేమించమన్న వాక్యం దగ్గర పదకొండు నెలలుగా ఆగిపోయాడు.

"శత్రువు దొరకట్లేదురా," అన్నాడు నాతో. పాస్టరుగారిని కూడా అడిగాడు. "మీ దగ్గర ఎక్కువుంటే ఒకణ్ణి సర్దుతారా?"

"ఉన్నవాళ్లు నాకే సరిపోతున్నారయ్యా," అన్నారాయన.

"మీ పాత సూపర్‌వైజరు లేడూ?" అంది అత్తయ్య.

ఆ సంగతి మాకందరికీ తెలుసు. సూపర్‌వైజరు చూడకుండా సంతకం పెట్టిన బ్రేకు ఒకటి ఫెయిలైంది. రిపోర్టులో మాత్రం మామయ్య పేరు రాశాడు. ఆరు నెలల సస్పెన్షను. రావలసిన ప్రమోషను మళ్లీ రానేలేదు.

"ఆయనా? ఆయన పనికిరాడే," అని మామయ్య కంచంలోకి తల వంచేశాడు. ఇన్నాళ్లకి ఈయన కూడా ఒక వాక్యాన్ని తప్పించుకుంటున్నాడని నవ్వుకున్నాను.

నేను అదే కంపెనీలో కంప్లయింట్ల ఫోను ఎత్తుతాను. ఒకరోజు పన్నెండింటికి ఎవరో ఆవిడ, "మా నాన్నకి ఒంటిగంటకి డయాలిసిస్ అండీ. రోజూలాగే ఈ వేళకి కరెంటు పోయింది, ఆరో అంతస్తులో ఉన్నాం. ఆయన మెట్లు దిగలేరు. మీ మెకానిక్ ఫోను ఎంతకీ బిజీ. ఇవాళ తప్పితే నాన్నకి ఊపిరాడదు," అంది.

ఆ బిల్డింగు పేరు మా జాబితాలోనే లేదు. "ఏ మెకానికండీ?"

"సోమ, బుధ, శుక్రవారాలు భోజనం టైములో వస్తారే, ఆయన."

పరుగున వెళ్లి, మెట్లన్నీ ఎక్కి, డాబా మీది మెషిన్ రూములోకి తొంగి చూశాను. మామయ్య అప్పటికే వచ్చేశాడు. ఒక చేత్తో బ్రేకు లివరు పట్టుకుని, రెండో చేత్తో మోటారు చక్రం తిప్పుతూ లిఫ్టుని దించుతున్నాడు. లోపల మనుషులు తక్కువుంటే, తాడుకి అవతల వేలాడే ఎదురు బరువు వల్ల లిఫ్టు పైకే లాగుతుంది. కిందికి దించాలంటే బలమంతా పెట్టాలి. చక్రం ఒక చుట్టు తిరిగితే లిఫ్టు దిగేది రెండంగుళాలు. ఆరు అంతస్తులకి ఎన్ని చుట్లో లెక్కేసుకుని, వారానికి మూడుసార్లు వస్తాడన్నది గుర్తొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఇనప తాళ్లు దిగే కంతల్లోంచి ఒక గొంతు పైకొచ్చింది. "కుదుపు లేకుండా తిప్పవయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

రిటైరై ఎన్నేళ్లయినా ఆ గొంతుని మా ఆఫీసులో ఎవరూ మర్చిపోలేదు.

"మామయ్యా, సూపర్‌వైజరుగారు! ఈయన్నే ఇన్నాళ్లూ... మరింకేం, పేజీ తిప్పెయ్యొచ్చుగా?"

"శత్రువనుకునే మొదటిరోజు వచ్చానురా," అన్నాడు మామయ్య ఆయాసపడుతూ. "కింద తలుపు తీసేసరికి ఎవరి నాన్నో అయిపోయాడు. ఇప్పుడింకొకణ్ణి ఎక్కడ తెచ్చేది?"

"మాటలాపవయ్యా! ఇంకా రెండంతస్తులుంది!"

"వచ్చేస్తున్నాం సార్," అన్నాడు మామయ్య సంబరంగా.

నేను చొక్కా చేతులు పైకి మడిచి చక్రానికి రెండోవైపు పట్టుకున్నాను.